కోడలి కుంకుమ భరిణె

“మందు పెట్టినవా, లేదా? ఒక్క ముక్క చెప్పు. పెట్టిన అను, లేకుంటే పెట్టలే అను.”

సీఐ వీరేందర్ ఆ ప్రశ్న అడగడం పొద్దుట్నుంచి ఎన్నోసారో అతనికే లెక్క లేదు. బల్లకు ఇవతల నేల మీద కూర్చున్న మొగిలవ్వ కూడా ప్రతిసారీ అదే జవాబు చెబుతోంది.

“అన్నం పెట్టిన. కూర పెట్టిన. సల్ల పోసిన. మందు పెట్టలే.”

ఏ ఠాణా అన్నది మనకెందుకు గానీ, గోడకానుకుని ఈ తతంగమంతా చూస్తున్న డిటెక్టివ్ దావీదుకు మాత్రం ఇది మింగుడుపడడం లేదు. ఒకప్పుడు ఇదే వీరేందర్ కింద హెడ్ కానిస్టేబులుగా పనిచేసి, ఆయనతో పొసగక ఉద్యోగం వదిలేసి, జగిత్యాల పాత బస్టాండు దగ్గర సొంతంగా ఆఫీసు పెట్టుకున్నాడతను. దొంగ వీసాలు అంటగట్టి మాయమైన గల్ఫ్ ఏజెంట్లను వెతికి పట్టుకోవడం అతని రోజువారీ పని. కామెర్ల కేసు చేపట్టడం ఇదే మొదలు.

మన దిక్కు ‘మందు’ అన్న ఒక్క ముక్కకు ఎన్ని అర్థాలో ఎవరికి తెలియదు? డాక్టరు ఇచ్చేదీ మందే, వైన్‌షాపులో అమ్మేదీ మందే, పత్తి చేనుకు కొట్టేదీ మందే. ఇంకోటి ఉంది, అన్నిటికన్నా పాడుది. గిట్టనివాళ్లకు అన్నంలో కలిపి పెడితే మనిషి లోలోపల కరిగిపోతాడని ఊరూరా చెప్పుకునే మందు. అలాంటిది నిజంగా ఉందో లేదో దేవుడికెరుక. కానీ ‘మందు పెట్టింది’ అన్న మాట ఒక్కసారి పుట్టిందంటే చాలు, ఆ ఆడమనిషి బతుకు బజారున పడ్డట్టే. మొగిలవ్వ బతుకు ఇప్పుడు అట్లాగే పడింది.

కోడలు వనిత జగిత్యాలలో ఓ ప్రైవేటు ఆస్పత్రిలో పడి ఉంది. కళ్లు, గోళ్లు, చర్మం అంతా పసుపు పూసినట్టు పచ్చబడ్డాయి. లివర్ రోజురోజుకూ చేతులెత్తేస్తోంది. “మా బిడ్డకు అత్త మందు పెట్టింది” అని వనిత తల్లి ఐలవ్వ ఫిర్యాదు చేసింది. ఐలవ్వ కోరుట్లలో బీడీలు చుట్టుకుని బతికే వితంతువు, వనిత ఆమెకు ఒక్కగానొక్క కూతురు. ఫిర్యాదు చేతికందిన పూటే వీరేందర్ జీపు వేసుకుని సిరిసిల్ల పోయి మొగిలవ్వను ఎత్తుకొచ్చాడు.

దావీదును ఈ కేసులోకి దింపింది మొగిలవ్వ కొడుకు కరుణాకర్. కరోనా ఏడాది సిరిసిల్లలో మగ్గాలు మూతపడితే మస్కట్ పోయి, ఇంకా అక్కడే చిక్కుకుపోయినవాడు. ఫోన్లో వెక్కి వెక్కి ఏడ్చాడు. “అన్నా, అక్కడ నా పెండ్లాం సస్తున్నది. అక్కడనే మా అమ్మను జైల్ల వేస్తమంటున్నరు. కంపెనోడు పాస్‌పోర్ట్ ఇస్తలేడు. నేనెవల దిక్కు మాట్లాడాలె? నిజమేందో నువ్వే దేవులాడు” అన్నాడు. అట్లా ఏడ్చే మనిషికి కాదని ఎవరు చెప్పగలరు?

“సార్, నేనొక్క రెండు ముక్కలు అడగాలె” అన్నాడు దావీదు.

వీరేందర్ కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. “ఏం దావీదూ, ఉద్యోగం ఇడిసిపెట్టినవ్ గని ఠాణా ఇడుస్తలేవు. వీసా ఏజెంట్లు దొరుకుతలేరా?”

“దొరుకుతున్నరు సార్. అందరు మీరు ఇడిసిపెట్టినోళ్లే.”

తలుపు దగ్గరున్న మహిళా కానిస్టేబుల్ నవ్వు రాకుండా మూతి బిగబట్టుకుంది. వీరేందర్ మొహం మాడిపోయింది. “అడుగు, అడుగు. రేపు పొద్దుగాల కోర్టుల పెడ్త. గటెన్క అడగాలన్నా నీకు దొరకది.”

దావీదు మొగిలవ్వ ఎదురుగా నేల మీదే గొంతుక్కూర్చున్నాడు. “అవ్వా, మీ ఇంట్ల అందరు ఒక్క గిన్నెల్నే తింటరా?”

“ఒక్క గిన్నెల్నే బిడ్డా. ముగ్గురం ఉన్నం. నేను, మా ముసలోడు లచ్చయ్య, గా పొల్ల. వేరు వండుకునే భోగం మాకేడిది?”

“వనితకు వడ్డించేది ఎవలు?”

“నేను వడ్డిస్తె తినదు! మొదాల తినేది. ఈ మధ్య నా చెయ్యి తాకిందంటెనే ముడుచుకుంటది. ఆమెనే పెట్టుకుంటది.” ముసలమ్మ కొంగు సర్దుకుంది. “అన్నం ముంగట కూసున్నంక గూడ లేసి లోపలర్రకు పోతది. బొట్టు పెట్టుకొని అస్త అత్తా అంటది. తినేముందు బొట్టేందో నాకైతె తెల్వది. కోరుట్ల రివాజేమో అనుకున్న.”

“రోజూనా?”

“రోజూ, రెండు పూటల.”

“బొట్లు, రివాజులు నాకెందుకు!” వీరేందర్ బల్ల మీద చరిచాడు. “ఇద్దరాడోళ్లకు పడది. మొగడు దేశంల లేడు. పొల్ల సిరిసిల్లల ఉంటె రోగం, తల్లిగారింటికి పోతె నయం. ఇంకేం గావాలె?”

దావీదు లేచి బయటికొచ్చాడు. వీరేందర్ మాటల్లో చివరి ముక్క కాదనలేనిది. అసలు చిక్కంతా అందులోనే ఉంది.

వేపచెట్టు కింద బండి తీస్తుండగానే జగిత్యాల నుంచి ఫోనొచ్చింది. వనితకు వైద్యం చేస్తున్న డాక్టర్ హుమేరా. ఈమె కూడా ఈ కేసులో నిద్ర పోగొట్టుకున్న మనిషే.

“దావీద్ భాయ్, పొద్దటి రిపోర్టు వచ్చింది. మల్ల పెరిగింది.”

“ఏంది మేడం పెరిగింది? నాకు సమజయ్యేటట్టు చెప్పుండ్రి.”

“లివర్ దెబ్బతింటుంటే రక్తంల కొన్ని అంకెలు పెరుగుతయి. ఆస్పత్రిల చేరినంక అవి తగ్గుకుంట వచ్చినయి. నేను ఖుషీ అయిన. మొన్నటి సంది మల్ల ఎక్కుతున్నయి. రక్తం గడ్డ కడ్తలేదు. పిలిస్తె కండ్లు తెరుస్తది, ఊఁ అంటది, మల్ల మగతల పడ్తది.”

“జబ్బా, విషమా?”

“ఒక్క ముక్కల చెప్పేదైతే నాకీ పరేషాన్ ఎందుకు?” అంది హుమేరా. “ఆటోఇమ్యూన్ అని ఒక జబ్బుంటది. మన ఒంటిని కాపలా కాయవలసిన కణాలే తిరగబడి లివర్‌ను కొరుకుతయి. ఆడోళ్లకే ఎక్కువ. వనిత రక్తంల ఆ గుర్తులున్నయి. లివర్‌లకెల్లి చిన్న ముక్క తీసి పరీక్ష చేయిస్తే అందులో గూడ అదే కనబడ్డది. కానీ కొన్ని గోలీలు, కొన్ని ఆకుపసర్లు గూడ అచ్చం గదే పని చేస్తయి. అవే గుర్తులు, అదే మొఖం. కరోనప్పుడు తిప్పతీగ కషాయం పూటపూటకు తాగి గిట్లనే వచ్చినోళ్లను నేనే చూసిన.”

“మరి ఏదేందో ఎట్ల తేలుస్తరు?”

“స్టెరాయిడ్ ఇస్తే రెండూ తగ్గుతయి. ఆపినంక చూడాలె. ఆటోఇమ్యూన్ అయితే చానామందికి తిరిగొస్తది. బయటి వస్తువు చేసిందైతే, ఆ వస్తువు మల్ల నోట్ల పడనంత వరకు మామూలుగ తిరిగి రాదు.”

దావీదు వేళ్లు మడిచి లెక్కేసుకున్నాడు. పోయిన ఎండాకాలం సిరిసిల్లలో మొదటిసారి కామెర్లు. హుమేరా స్టెరాయిడ్ గోలీలు ఇచ్చింది. వనిత కోరుట్ల పోయి తల్లి దగ్గర ఉంది, తేరుకుంది. వానాకాలంలో తనంతట తనే గోలీలు మానేసింది. అయినా బతుకమ్మ పండుగ దాకా బంగారంలా ఉంది. పండుగ వెళ్లాక సిరిసిల్ల తిరిగొచ్చింది. దీపావళి దాటిందో లేదో కళ్లు మళ్లీ పచ్చబడ్డాయి.

“మేడం, గోలీలు బంద్ పెట్టినంక కోరుట్లల మంచిగనే ఉన్నది. సిరిసిల్లకు రాంగనే పడ్డది. అంటే బయటి వస్తువే గదా?”

“నేనూ గట్లనే అనుకున్న. కానీ ఇప్పుడామె సిరిసిల్లల లేదు గదా. నా ఆస్పత్రిల ఉన్నది. అత్తను తల్లి గడప గూడ తొక్కనిస్తలేదు. మరి నా కండ్ల ముందట ఎందుకు పెరుగుతున్నది? పదిసార్లు అడిగిన దావీద్ భాయ్. ఏ మందులన్న వాడుతున్నవా బిడ్డా అని. ‘మా అమ్మతోడు, ఏ మందు ముట్టలే’ అన్నది. తల్లీ గదే మాట. ఇయ్యాల సాయంత్రం దాక చూస్త. తేలకపోతే ఆటోఇమ్యూన్ అనుకొని ఇంకో గట్టి మందు మొదలుపెట్టాలె. ఆ మందు లివర్ మీద ఇంకింత బరువు. నా అంచనా తప్పైతే ఆ పొల్లను నా చేతులతోనే చంపుకున్నట్టు. మొదలుపెట్టకపోయినా చావే కావచ్చు.”

అటు కోడలి ప్రాణం, ఇటు అత్త బతుకు. రెండూ ఒకే ప్రశ్నకు వేలాడుతున్నాయి. దావీదు బండి సిరిసిల్లకు తిప్పాడు.

లచ్చయ్య ఇంట్లో పోలీసులు వంటిల్లంతా గాలించి పోయారు. ఉప్పు, కారం, పప్పుల డబ్బాలు, ఎలుకల మందు, ఆఖరికి దేవుడి పటం ముందున్న నూనె కూడా మూటగట్టి తీసుకెళ్లారు. ఖాళీ వంటింట్లో మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని కూర్చున్న లచ్చయ్య, దావీదును చూసి లేవబోయాడు.

“కూసో బాపూ. వనిత బట్టలు, సామాను ఏడ ఉంటయి?”

“లోపలర్రల. పోలీసోళ్లు గా అర్రల చెయ్యి పెట్టలే సారూ. రోగమచ్చిన పొల్ల సామాన్ల ఏముంటది అన్నరు.”

లోపలి గది చిన్నది. ఒక మంచం, ఒక ఇనుప పెట్టె, గోడ గూట్లో అద్దం. అద్దం చుట్టూ బొట్టుబిళ్లలు అంటించి ఉన్నాయి. ఎర్రవి, మెరూన్‌వి, చిన్నవి, పెద్దవి. దావీదు వాటి ముందు ఆగిపోయాడు. వనిత ఫొటోలు కరుణాకర్ పంపాడు, అన్నింట్లోనూ నుదుట బొట్టుబిళ్లే. మరి అన్నం ముందు లేచి వచ్చి ఏం బొట్టు పెట్టుకుంటుంది ఈ పిల్ల?

అద్దం వెనకాల చెక్క భరిణె ఉంది, మూత మీద కుంకుమ మరకలు. పక్కనే చిన్న తేనె సీసా, మూతి దగ్గర తేనె గడ్డకట్టి ఉంది.

“గది పెండ్లప్పుడు తల్లి పెట్టిన కుంకుమ డబ్బ” అన్నాడు లచ్చయ్య తలుపు దగ్గర్నుంచి. “మేం ముట్టం సారూ. కోడలి కుంకుమ డబ్బ మామ ముడ్తడా?”

దావీదు చేతిరుమాలుతో పట్టుకుని మూత తీశాడు. లోపల కుంకుమ లేదు. అంచు దాకా బూడిద కలిసిన ఆకుపచ్చ పొడి ఉంది. వాసన చూస్తే నాలుక మొదట్లో చేదు తగిలినట్టయింది. మధ్యలో ఉంగరపు వేలు ముంచి తీసినట్టు చిన్న గుంట.

“శెభాష్ దావీదూ!”

వెనక్కి తిరిగేసరికి వీరేందర్, చంకలో లాఠీ, వెంట కానిస్టేబుల్. దావీదు వెంబడే వచ్చాడన్నమాట. అబ్బ, ఈయనగారి పరిశోధనంతా ఇంతే. వేరేవాడు తవ్వాలి, ఈయన ఎత్తుకోవాలి!

“గీ దినమంతా నేను ఎతుకుతున్నది గిదే” అంటూ భరిణె లాక్కున్నాడు. “దొరికింది. ఇగ ముసల్ది యేడికి పోతది?”

“సార్, జెర ఆలోచన చెయ్యుండ్రి. విషం పెట్టేటామె ఎవలన్న కోడలి డబ్బల దాస్తదా? కోడలు రోజూ మూత తెరిచే డబ్బల?”

“కుంకుమల కలిపింది. నుదుటికి పెట్టుకుంటె ఒంట్లకు దిగింది.”

“అండ్ల కుంకుమ యేది? రవ్వంతన్న ఉన్నదా? వనిత పెట్టుకునేది బిళ్లలు. అద్దం చూడుండ్రి. ఎర్రగుండాల్సిన డబ్బల పచ్చగుంటే ఆమెకు కండ్లు కనబడవా? తెలిసే తిన్నది సార్. పక్కపొంటి తేనె సీస గూడ పెట్టుకున్నది.”

“తెలిసి విషం ఎవలు తింటరురా?”

“విషమనుకొని తినలే.”

వీరేందర్ ఒక్క క్షణం తడబడ్డాడు. అంతలోనే మీసం సవరించుకున్నాడు. “నీ కథలు కోర్టుల చెప్పు. ల్యాబుకు పంపుత. నెలకో రెండు నెలలకో రిపోర్టు అస్తది. గప్పటి దాక ముసల్ది లోపలుంటది.”

“గప్పటి దాక పొల్ల ఉంటదా సార్?”

కానిస్టేబులుకు భరిణె ఇచ్చి, జేబులోంచి ఫోను తీసుకుంటూ వీరేందర్ జీపు దగ్గరికి వెళ్లిపోయాడు. గెలిచినవాడి నడక.

దావీదు గడపలో నిలబడి తల పట్టుకున్నాడు. భరిణె ఇక్కడుంది, వనిత జగిత్యాలలో ఉంది. ఈ పొడి వల్లనే లివర్ పాడవుతుంటే ఆస్పత్రిలో తగ్గాలి. తగ్గింది కూడా. మరి మళ్లీ ఎందుకు ఎక్కింది? అంటే అక్కడికి కూడా ఈ పొడి చేరింది. చేర్చింది మొగిలవ్వ కాదు, ఆమెను గడప తొక్కనివ్వలేదు. లచ్చయ్య కాదు. రాత్రీ పగలూ మంచం పక్కన ఉన్నది ఒక్కతే.

ఛ! కన్నతల్లి! బీడీలు చుట్టి చుట్టి వేళ్లు అరిగిపోయిన ఆ మనిషి కూతురికి విషం పెడుతుందా?

పెట్టదు. విషమైతే పెట్టదు.

అత్తింట్లో అన్నం ముందు కూర్చున్నప్పుడు మాత్రమే ఈ పొడి తింటుంది వనిత. ముద్ద నోట్లో పడకముందు, గోడకు తిరిగి, తేనెలో రంగరించుకుని. తల్లిగారింట్లో తినే పని లేదు, అక్కడ అన్నం మీద అనుమానం లేదు కాబట్టి. మందు పెట్టారని భయపడేవాళ్లు ఇంకేం తింటారు? విరుగుడు తింటారు! మందు కక్కిస్తాం, విరుగుడు ఇస్తాం అనే మనుషులు మన దిక్కు తక్కువా? రోగం విషంతో రాలేదు. లేని విషానికి తిన్న విరుగుడుతో వచ్చింది.

హుమేరాకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆస్పత్రి కౌంటరుకు చేశాడు. “వనిత అనే పేషెంటు దగ్గర వాళ్లమ్మను ఉంచకుండ్రి. నోట్ల ఏం పెట్టనీయకుండ్రి. మేడంకు జెల్ది చెప్పుండ్రి!”

“మేడం ఓపీల ఉన్నది. మీరు పేషెంటుకు ఏమైతరు?”

“ఏమైతే ఏందయ్యా, పాణం మీదికొచ్చింది!”

“చుట్టాలకే చెప్తం సార్.” కట్.

హుమేరాకు మెసేజి పెట్టి బండెక్కాడు. సోమవారం కావడంతో వేములవాడలో రాజన్న దర్శనానికొచ్చిన బండ్లు రోడ్డంతా నిండిపోయాయి. హారన్ కొట్టి కొట్టి, తిట్టి, తిట్లు తిని, ఎట్లాగో బయటపడ్డాడు. జగిత్యాల చేరేసరికి పొద్దు వాలుతోంది. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కి వనిత గది తలుపు తోశాడు.

ఐలవ్వ మంచం అంచున కూర్చుని, కొంగుతో కూతురి మూతి తుడుస్తోంది. ఏడ్చి ఏడ్చి వాచిన మొహంలో ఇవ్వాళ ఏదో తేట కనిపించింది. వనిత కళ్లు సగం మూసుకుని ఉన్నాయి, తెల్లగుడ్డు పసుపు ముద్దలా ఉంది.

“ఐలవ్వా, బిడ్డకు మందేమన్న పెట్టినవా?” అన్నాడు ఆయాసపడుతూ.

“నేనా? కన్నదాన్ని సారూ! బిడ్డకు మందు పెడ్తనా? నా నోట్లె మన్ను వడ!”

ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆ మొహం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఆ పిచ్చితల్లి లెక్కలో అది మందు కానే కాదు.

“మందు గాదవ్వా. విరుగుడు.”

ఐలవ్వ చెయ్యి ఆగిపోయింది. “వనిత చెప్పిందా? చెప్పద్దన్న గదనే బిడ్డా! చెప్తె గుణమియ్యదన్నడు.”

“ఎవలన్నరు?”

“మెట్‌పల్లి అవుతల ఒక ముసలాయిన. పెండ్లయి ఇన్నేండ్లాయె, కడుపు పండలె. అల్లుడు మస్కట్ పోయి ఫోన్ జేసుడు తక్వ జేసిండు. అడగవోతె, నీ బిడ్డకు అత్తగారింట్ల మందు పెట్టిండ్రు అన్నడు. గా ఇంటి ముద్ద నోట్ల పడకముందే గిది నాలిక మీద పడాలె అన్నడు.”

“గది తిన్నంకనే గదా అవ్వా కామెర్లయినయి?”

“గందుకే సారూ! లోపలున్న మందు బలంగున్నది, పచ్చగ బయటికెళ్తున్నది, ఇంకింత పెట్టాలె అన్నడు.”

దావీదు ఆమె దగ్గరికి జరిగాడు. “ఆస్పత్రిల ఎందుకు పెట్టినవ్? ఈడ అత్త లేదు గదా?”

“మొదాల పెట్టలే. జెర తేరుకున్నది. మొన్న మొగిలవ్వ ఎవలి చేతనో బత్తాయిలు పంపింది. నేను నీళ్లకు పోయి అచ్చేసరికి నర్సమ్మ రసం తీసి తాపింది. నా పాణం ఝల్లుమన్నది. గప్పటి సంది పెడ్తున్న.”

బత్తాయిలు! కోడలు రోగంతో ఉందని, చూడనివ్వకపోయినా ఓర్చుకుని అత్త పంపిన బత్తాయిలు. దావీదుకు అరవాలనిపించింది, ఏడవాలనీ అనిపించింది. ఎవరి మీద అరవాలో తోచలేదు.

తలుపు దగ్గర హుమేరా నిలబడి ఉంది, చేతిలో ఫోన్, తెరమీద అతని మెసేజి. అంతా విన్నట్టే ఉంది.

“అమ్మా, నేను పదిసార్లు అడిగిన గదా నిన్ను. ఏమన్న వాడుతుండ్రా అని.”

“మందు వాడుతుండ్రా అని అడిగినవ్ డాక్టరమ్మ.” ఐలవ్వ నిజంగానే అర్థంకాక ఇద్దరి మొహాలూ చూసింది. “విరుగుడు గూడ మందేనా?”

హుమేరా కళ్లు తుడుచుకుని, ముందుకొచ్చి వనిత నాడి పట్టుకుంది. “తప్పు నాది గూడ ఉన్నది దావీద్ భాయ్. ఆకులు, పొడులు, పసర్లు అని పేరుపేరునా అడగాలె. అడగలే.” ఒక్కసారి గట్టిగా ఊపిరి తీసుకుంది. “సరే. ఇప్పుడైతే తేలింది. ఆ వస్తువు ఆగితే లివర్ మల్ల చిగురుపెడ్తది. పోయినసారి గట్లనే తేరుకున్నది. ఇంకా ఆశ ఉన్నది. ఆ గట్టి మందు మొదలుపెట్టను.”

దావీదుకు గుండె కొంచెం కుదుటపడింది. కరుణాకర్‌కు ఏం చెప్పాలో మనసులో మాటలు కూడబలుక్కున్నాడు. మీ అమ్మ బయటికొస్తది తమ్మీ, నీ పెండ్లాం గూడ బతుకుతది.

“అవ్వా, మిగిలిన పొడి ఇటియ్యి. అండ్ల ఏమున్నదో పరీక్ష చేయించాలె” అంది హుమేరా చెయ్యి చాపి.

ఐలవ్వ గుప్పిట విప్పింది. నలిగిన కాగితం పొట్లం. లోపల ఏమీ లేదు, అంటుకున్న తేనె తప్ప.

“గిది ఖాళీ గదా. మిగిలింది యేది?”

“మిగల్లేదు డాక్టరమ్మ.”

“పారేసినవా?” అన్నాడు దావీదు.

“అయ్యో, పారేస్తనా!” ఐలవ్వ అతని దిక్కు తిరిగింది. “పగటీలి వీరేందర్ సారు ఫోన్ జేసిండు గదా. ‘ఐలవ్వా, నీ బిడ్డకు పెట్టిన మందు దొరికింది, డబ్బ నిండ ఉన్నది’ అన్నడు. నా అనుమానం నిజమే అయింది సారూ. డబ్బ నిండ మందు పెట్టుకొని పూటపూటకు పెట్టిందంటె, గింతింత విరుగుడు యేడ సరిపోతది? వారం దినాలకు ఇచ్చిన పొట్లం. జెరజెర తేనెల కలుపుకుంట ఇప్పుడే మొత్తం నోట్ల పెట్టి ఒడగొట్టిన.”

“సిస్టర్!” హుమేరా కేక గదిలో ప్రతిధ్వనించింది. “కడుపు కడిగే ట్యూబ్ తేండ్రి! ఐసీయూకు ఫోన్ చెయ్యుండ్రి, జెల్ది!” ఆమె వనిత దవడ కింద చెయ్యేసి తల పక్కకు తిప్పింది. వనిత మూలగనైనా లేదు.

నర్సులు పరుగెత్తుకొచ్చి మంచం చుట్టూ మూగారు. వాళ్లు నెట్టేస్తే గోడకు చేరిన ఐలవ్వ దావీదు చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

“మొత్తం మింగింది సారూ. ఒక్క రవ్వ గూడ కక్కలే. ఇగ బతుకుతది గదా?”